సీనియర్ చేతికింద మొదటి ఏడాది: గోదావరి డెల్టాలో కొత్త రియల్ ఎస్టేట్ ఏజెంటు పని నేర్చుకునే పద్ధతి

"డిగ్రీ అయిపోయిందండి. మా ఊళ్ళో ఒకాయన స్థలాల బేరాలు చేస్తారు, ఆయన దగ్గర చేరమంటారా?" అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. చేరండి. అయితే ఎవరి దగ్గర, ఏ మాట మీద, చేరాక ఏ వరసలో ఏం నేర్చుకోవాలి అన్నది ఫోన్లో ఒక్క ముక్కలో చెప్పేది కాదు. అందుకే ఇలా రాస్తున్నాను.

సైట్ చూపించడం వారం రోజుల్లో వచ్చేస్తుంది. బైకు, ఫోను ఉంటే చాలు. సీనియర్ దగ్గర నేర్చుకోవలసింది అది కాదు. ఏ బేరాన్ని ముట్టుకోకూడదో, ఎందుకు ముట్టుకోకూడదో ఆయన దగ్గరే తెలుస్తుంది. ఈ మార్గదర్శి అంతా ఆ వైపే మొగ్గి ఉంటుంది.

1. ఎవరి దగ్గర చేరాలి

బోర్డు పెద్దదా, కారు పెద్దదా అని చూడకండి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా దస్తావేజు లేఖరుల కొట్లు ఉంటాయి కదా, అక్కడ రెండు మూడు రోజులు టీ తాగండి. "ఫలానా ఆయన తెచ్చిన కాగితాలు ఎలా ఉంటాయండి?" అని అడగండి. లేఖరి నవ్వి ఊరుకుంటే ఒక అర్థం, "ఆయన తెస్తే లింకులన్నీ (వెనకటి దస్తావేజులన్నీ) ఉంటాయండి" అంటే ఇంకో అర్థం.

మన దగ్గర బేరాల తీరు చోటుని బట్టి మారిపోతుంది. రాజమండ్రి, కాకినాడల్లో ఫ్లాట్లు, వెంచర్లు. భీమవరం, ఆకివీడు వైపు చెరువులు. అమలాపురం, రాజోలు వైపు కొబ్బరి తోటలు, ఇంటి స్థలాలు, విదేశాల్లో ఉన్నవాళ్ళ ఆస్తులు. తణుకు, తాడేపల్లిగూడెం వైపు హైవే పక్క భూములు. మీరు ఎక్కడ పనిచేయబోతారో అక్కడి సరుకు తెలిసిన మనిషినే పట్టుకోండి. ఫ్లాట్లలో పండిపోయినాయన చెరువు బేరంలో మీలాగే కొత్తవాడు.

చేరేముందు చూసుకోవలసినవి:

- ఆయనకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) ఏజెంటు రిజిస్ట్రేషన్ ఉందా? నంబరు చూపిస్తారా?
- ఏడాదిలో ఎన్ని బేరాలు చేశారని కాదు, ఎన్ని వదిలేశారని అడగండి. ఒక్కటీ చెప్పలేకపోతే ఆలోచించుకోండి.
- అమ్మేవాళ్ళ దగ్గర "నెట్ రేటు" మాట్లాడుకుని, పైన ఎంతకు అమ్మితే అంతా తనదే అనే పద్ధతా? అలాంటి చోట చేరకండి. అక్కడ మొదట నేర్పేది రెండు వైపులా రెండు ధరలు చెప్పడం. ఒకసారి అలవాటైతే పోదు.
- మిమ్మల్ని కాగితాల దగ్గర కూర్చోబెడతారా, లేక పాంప్లెట్లు పంచడానికేనా?
- "నీ పేరు మీద అగ్రిమెంట్ రాయిద్దాం, తర్వాత మార్చుకుందాం" అంటారా? అంటే ఆ రోజే దండం పెట్టి వచ్చేయండి.

2. రెరా సంగతి ముందే తేల్చుకోండి

2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో వేసిన వెంచరైనా, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్న కట్టడమైనా రిజిస్టర్ కావాలి. అలా రిజిస్టరైన ప్రాజెక్టులో ప్లాటు గానీ ఫ్లాటు గానీ అమ్మిపెట్టే ఏజెంటుకు సొంత రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకుండా చేస్తే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా వేయొచ్చు. రిజిస్టర్ కావలసి ఉండీ కాని వెంచర్‌లో ప్లాట్లు అమ్మిపెట్టడం కూడా ఏజెంటుకు తప్పే.

"మా సీనియర్ నంబరు ఉంది కదా, దాని మీద నేనూ చేసేస్తాను" అనుకోకండి. ఆయన నంబరు ఆయనది. మీరు ఆయన పక్కన ఉండి నేర్చుకోవడం వేరు, మీ పేరుతో ప్రకటన వేసి మీరే కమీషన్ తీసుకోవడం వేరు. రెండో పని చేయాలంటే ముందు ఏపీ రెరా సైటులో మీ రిజిస్ట్రేషన్ చేయించుకోండి.

ఊళ్ళో ఒక ఇల్లో, ఎకరం పొలమో ఒకరి నుంచి ఒకరికి అమ్మిపెట్టడం ఈ లెక్కలోకి రాదు. కొత్తవాళ్ళు మొదట అవే చేస్తారు కాబట్టి రెరా తమకు అక్కర్లేదనుకుంటారు. ఆర్నెల్లకు ఎవరో వెంచర్ ప్లాట్లు చేతిలో పెడతారు, అప్పుడు పరుగులు.

3. డబ్బు మాట మొదటి రోజే

ఇది మొహమాటం లేకుండా మాట్లాడవలసిన విషయం. మొహమాటపడినందుకు నాకు ఏమైందో చెబుతాను. నేను మొదట చేరినాయన దగ్గరికి మా బంధువుల పార్టీనే తీసుకెళ్ళాను. బేరం కుదిరింది, రిజిస్ట్రేషన్ అయింది. నా వాటా అడిగితే "వాళ్ళు నాకు ముందునుంచీ తెలుసు కదయ్యా" అన్నారు. కాదనడానికి నా దగ్గర ఒక్క ముక్క రాసి లేదు. నాలుగు నెలల పెట్రోలు మాత్రం మిగిలింది.

కాగితం మీద పెద్ద ఒప్పందం అక్కర్లేదు. మాట్లాడుకున్నది అదే రోజు వాట్సాప్‌లో మర్యాదగా పెట్టండి: "నమస్కారమండి. ఈరోజు మీరు చెప్పినట్టు, నేను తెచ్చిన పార్టీ అయితే నాకు కమీషన్‌లో ఇంత, మీ పార్టీకి నేను తిరిగితే ఇంత. పొరపాటుంటే చెప్పండి." ఆయన "సరే" అంటే చాలు.

తేల్చుకోవలసినవి:

- పార్టీ మీదైతే ఎంత, ఆయనదైతే ఎంత
- పెట్రోలు, ఫోను ఖర్చు ఎవరిది
- కమీషన్ చేతికి రావడం బయానా రోజునా, రిజిస్ట్రేషన్ రోజునా
- బేరం చెడిపోతే తీసుకున్నది వెనక్కివ్వాలా
- మీరు మానేశాక పూర్తయిన బేరంలో వాటా ఉంటుందా

లెక్క ఎలా వేసుకోవాలో ఒక ఉదాహరణ. 60 లక్షల ఇల్లు, రెండు వైపులా ఒక్కో శాతం మాట్లాడుకున్నారనుకోండి. మొత్తం కమీషన్ 1,20,000. మీ వాటా 30 శాతమైతే 36,000. వినడానికి బాగుంటుంది. కానీ ఆ ఇంటికి ముందు పదిహేను మందికి సైట్లు చూపించి ఉంటారు, నెలలు గడిచి ఉంటాయి. అందుకే కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకుని దిగండి. పెళ్ళయినవాళ్ళు ఇంట్లో చెప్పి దిగండి. చేతిలో డబ్బు లేని ఏజెంటు చెడ్డ బేరాన్ని కూడా వదలలేడు.

ఇంకోటి. ఆషాఢం, పుష్యం వచ్చాయంటే బయానాలు ఆగిపోతాయి. శ్రావణంలో మళ్ళీ కదులుతాయి. ఆ రెండు నెలల ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

4. మొదటి నెల: వినడం, రాసుకోవడం

సంచీలో ఉండవలసినవి: 100 అడుగుల టేపు, నోటు పుస్తకం, సర్వే స్కెచ్ పెట్టుకోవడానికి ఫైలు, గొడుగు, మంచినీళ్ళ సీసా, పవర్ బ్యాంకు. పొలం గట్టు మీద తిరిగేటప్పుడు మంచి చెప్పులు కావాలి, షోకు బూట్లు కాదు.

కొలతలు నోటికి రావాలి. ఎకరం 100 సెంట్లు, 4,840 గజాలు. సెంటు 48.4 గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. 5 సెంట్లు 242 గజాలు. పార్టీ అడిగితే ఫోన్లో కాలిక్యులేటర్ తీయకుండా చెప్పగలగాలి. పాత పెద్దలు కుంచాల్లో చెబుతారు. ఆ ఊళ్ళో కుంచం అంటే ఎన్ని సెంట్లో అక్కడే అడిగి సెంట్లలోకి మార్చి రాసుకోండి, మీ ఊరి లెక్క అక్కడ వాడకండి.

నేల మాటలు కూడా పట్టుకోండి. మెరక, పల్లం, పుంత, బోదె, కోడు, గట్టు, లంక. పుంత అంటే బండ్ల దారి, రికార్డుల్లో ప్రభుత్వ భూమి. బోదె అంటే చేలకు నీళ్ళు పారే చిన్న కాలువ. ఈ రెంటికీ తేడా తెలియక నేను తిన్న దెబ్బ కింద చెబుతాను.

5. కాగితాలు చదివే వరస

సీనియర్ కాగితం చూస్తున్నప్పుడు పక్కనే కూర్చోండి. ఏది ముందు తీశారు, ఏ పేజీ దగ్గర ఆగారు అన్నది గమనించండి. మా గురువుగారు దస్తావేజులో ముందు ఆఖరి పేజీలో షెడ్యూలు చదువుతారు. హద్దులు, కొలతలు, సర్వే నంబరు అయ్యాకే మొదటి పేజీకి వస్తారు. "పేర్లు ఎక్కడికీ పోవు, హద్దులు పోతాయి" అంటారు.

నేను ఇప్పటికీ పాటించే వరస ఇది:

ఒకటి, ఇప్పటి యజమాని దస్తావేజు, దాని వెనక లింకు డాక్యుమెంట్లు. ఆస్తి ఎవరి నుంచి ఎవరికి, ఎలా వచ్చిందో ఒక తెల్లకాగితం మీద గొలుసులా గీయండి. ఎక్కడ గొలుసు తెగిందో అక్కడ ఎర్రగీత పెట్టండి.

రెండు, ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఆన్‌లైన్‌లో 1983 నుంచి వచ్చే ఈసీలో కనబడేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టర్ కాని భాగపంపకం కనబడదు, వీలునామా కనబడకపోవచ్చు, కోర్టు కేసు కనబడకపోవచ్చు, సొసైటీ అప్పు కూడా కనబడకపోవచ్చు. ఈసీ ఖాళీగా ఉందంటే ఆస్తి శుభ్రంగా ఉందని కాదు.

మూడు, 22-ఎ జాబితా. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా ఇది. ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు (పేదలకు ప్రభుత్వం ఇచ్చినవి), దేవాదాయ, వక్ఫ్ భూములు ఇందులో ఉంటాయి. డెల్టాలో గుడి మాన్యాలు, సత్రం భూములు ఊరూరా ఉన్నాయి. సైటు చూడ్డానికి వెళ్ళేముందే ఇది చూడండి. పెట్రోలు కలిసొస్తుంది.

నాలుగు, పొలమైతే మీభూమి (ప్రభుత్వ భూ రికార్డుల సైటు)లో అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1-బి (హక్కుల రికార్డు). రీసర్వే పూర్తయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. దస్తావేజులో పాత నంబరు, పాస్‌బుక్కులో కొత్త నంబరు ఉంటుంది. రెండూ ఒకే నేలవా కాదా అని సచివాలయంలో సర్వేయరు దగ్గర సరిచూసుకోవాలి. ఒకే ఎల్‌పీఎం నంబరులో ఇద్దరు ముగ్గురు అన్నదమ్ముల పేర్లు కలిపి పడితే, విడగొట్టేదాకా బేరం ముందుకు తోయకండి.

ఐదు, ఎఫ్‌ఎంబీ స్కెచ్, అంటే సర్వే శాఖ కొలతల పటం. దస్తావేజు విస్తీర్ణానికీ, స్కెచ్‌కీ, నేల మీద టేపుకీ మూడింటికీ పొత్తు కుదరాలి.

ఆరు, కుటుంబం. ఇక్కడే ఎక్కువ బేరాలు చెడతాయి. పిత్రార్జితమైతే ఆడపిల్లల సంతకాలు కావాలి. "మా చెల్లెలికి ఏమీ అక్కర్లేదండి" అని అన్నగారు చెబుతారు, చెల్లెలి నోటి నుంచి వినేదాకా నమ్మకండి. మన వైపు పసుపుకుంకుమ కింద కూతురికి పొలం నోటిమాటగా ఇచ్చేయడం ఉంది. రికార్డులో తండ్రి పేరే ఉంటుంది, ముప్ఫై ఏళ్ళుగా కౌలు డబ్బు అల్లుడు తీసుకుంటూ ఉంటాడు. అందుకే "కౌలు ఎవరికి కడుతున్నారు?" అని కౌలు రైతునే అడగాలి. కాగితం చెప్పనిది ఆ ఒక్క ప్రశ్న చెబుతుంది.

ఏడు, జీపీఏ, అంటే యజమాని తన తరఫున ఇంకొకరికి అధికారం ఇచ్చే కాగితం. యజమాని గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండి, ఇక్కడ బావమరిది సంతకం పెట్టే బేరాలు కోనసీమలో చాలా ఎక్కువ. జీపీఏలో అమ్మే అధికారం రాసి ఉందా, విదేశంలో రాసిందైతే ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు చేయించారా చూడాలి. యజమానితో ఒకసారి వీడియో కాల్‌లో మాట్లాడించమనండి. జీపీఏ ఇచ్చినాయన బతికే ఉన్నారని తెలియాలి కదా. జీపీఏ చేతికొచ్చింది కదా, అదే కొనుగోలు అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. దానివల్ల హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది.

పాత కాగితాల్లో జిల్లా పేరు చూసి కంగారుపడకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అమలాపురం కాగితాల్లో తూర్పు గోదావరి అని ఉండడం మామూలే.

కాగితాల మీద ఆఖరి మాట వకీలుది. మీ పని, వకీలు దగ్గరికి వెళ్ళేలోపే తేలిపోయే తప్పులు పట్టుకోవడం. "క్లియర్ టైటిల్ అండి" అని మీ నోటితో ఎప్పుడూ అనకండి. "ఈ కాగితాలు ఉన్నాయి, ఇవి లేవు, వకీలుగారికి చూపించుకోండి" అనండి.

6. నేల చదవడం

ముమ్మిడివరం అవతల ఒక పల్లెలో 8 సెంట్ల ఇంటి స్థలం చూడ్డానికి వెళ్ళాం. నేను టేపు తీశాను. గురువుగారు స్థలం వైపు చూడనే లేదు. పక్కింటి వెనక గోడ దగ్గరికి వెళ్ళి, నడుం ఎత్తున అడ్డంగా ఉన్న గోధుమరంగు చారను గోటితో గీకారు. చార కింద సున్నం పొడిపొడిగా రాలింది, పైన రాలలేదు. అరుగు మీద కొబ్బరి ఈనెలు తీస్తున్న పెద్దావిడని అడిగారు.

"పిన్నిగారూ, ఇది మొన్న ఇరవై రెండులో వచ్చిన నీరేనాండీ?"

"ఆయ్. మూడ్రోజులు ఉందండి. పొయ్యి మంచం మీద పెట్టుకుని వండుకున్నాం."

ఆయన నా వైపు తిరిగి, "టేపు లోపల పెట్టరా అబ్బాయ్" అన్నారు.

ఆ స్థలం అమ్మకూడనిదేం కాదు. మెరక ఖర్చు కలిపి, నీళ్ళ సంగతి చెప్పి అమ్మాలి. ఆ లెక్క మీకు రావాలి. 8 సెంట్లు అంటే 3,485 చదరపు అడుగులు. మూడడుగులు మెరక చేయాలంటే 10,455 ఘనపుటడుగుల మట్టి. ట్రాక్టరు ట్రక్కుకు 100 ఘనపుటడుగులు పడుతుందనుకుంటే 105 ట్రక్కులు. మీ దగ్గర ట్రక్కుకు ఎంత పడుతుందో, ఎంత తీసుకుంటున్నారో కనుక్కుని గుణించండి. మట్టి దిగబడుతుంది కాబట్టి కొంత ఎక్కువే వేసుకోండి.

1986, 2006, 2022 వరదల్లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని ఊళ్ళో ఇద్దరు ముగ్గురిని అడగండి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు, రెండోది 13, మూడోది 17 లక్షలకు ఇస్తారు. ఏ హెచ్చరిక అప్పుడు ఈ వీధిలోకి నీళ్ళు వస్తాయో ఊరివాళ్ళకి తెలుసు, అది రాసుకోండి.

అదే స్థలాన్ని రెండు కాలాల్లో చూడాలి. ఎండాకాలంలో కాలువలు కట్టేశాక ప్రతి పల్లమూ మెరకలాగే కనబడుతుంది. ఆగస్టులో ఒకసారి వెళ్ళిరండి.

నేల మీద చూడవలసినవి:

- దారి. ఎంత వెడల్పని కాదు, ఎవరిదని. ప్రైవేటు దారా, పుంతా, బోదె గట్టా?
- నీళ్ళు. సముద్రం వైపు, రొయ్యల చెరువుల పక్క బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. పక్కింట్లో గ్లాసుడు అడిగి నోట్లో పోసుకోండి.
- పైపులైను రాళ్ళు. కోనసీమలో గ్యాస్, చమురు పైపులైన్లు పొలాల కిందనుంచి వెళతాయి. గట్ల మీద గుర్తు స్తంభాలు ఉంటాయి. ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, చెట్లు పెట్టకూడదు.
- సముద్ర తీరం. అంతర్వేది, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు సీఆర్‌జెడ్ (తీర ప్రాంత కట్టడాల నియంత్రణ) నిబంధనలు ఉంటాయి. కొనగలరు, కట్టలేకపోవచ్చు.
- కొల్లేరు. ఆకివీడు దాటి అటు వెళితే అభయారణ్యం హద్దు, అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) సంగతి తేలకుండా చెరువు బేరం పట్టకండి.
- లంక, అంటే నది మధ్య నేల. పట్టా ఏ రకం, ఏటికేడు కోత ఎంత? కాగితం మీద రెండెకరాలు ఉండి, నేల మీద ఎకరంన్నర ఉండొచ్చు. మిగతాది గోదారిలో ఉంటుంది.
- పైరు, చెట్లు. కొబ్బరి తోట అమ్మితే దింపు ఎవరిది? చెరువైతే పట్టుబడి అయ్యాక స్వాధీనమా? కౌలు గడువు ఎప్పటిదాకా?
- రోడ్డు, రైలు. 216 జాతీయ రహదారి, కోటిపల్లి–నర్సాపురం రైల్వే లైను దారిలో ఉంటే భూసేకరణలో పోయే భాగం ఉందేమో అడగండి.

7. పార్టీ ముందు మీ పాత్ర

మొదటి మూడు నెలలు ధర మీ నోట రాకూడదు. పార్టీ మిమ్మల్ని పక్కకు పిలిచి "ఆఖరికి ఎంతకిస్తారు బాబూ?" అని అడుగుతుంది. "మా సార్‌తో మాట్లాడి చెబుతానండి" అనడం చిన్నతనం కాదు. మీరు యథాలాపంగా అన్న అంకె మర్నాటికి బేరం అయిపోతుంది.

పెద్దవాళ్ళిళ్ళకి వెళితే చెప్పులు వాకిట్లో వదిలి, కాఫీ ఇస్తే తాగి, ఆ తర్వాత విషయం ఎత్తండి. గోదావరి జిల్లాల్లో మొదటి పది నిమిషాలు "మీదే ఊరు, ఎవరబ్బాయివి" అన్నదానికే పోతాయి. విసుక్కోకండి, ఆ పది నిమిషాల్లో మీ గురించి వాళ్ళు తేల్చుకుంటున్నారు.

సీనియర్ తప్పు చెప్పారని మీకు అనిపించినా పార్టీ ముందు అనకండి. బైకు ఎక్కాక అడగండి. కానీ కావాలనే అబద్ధం చెప్పారని తెలిస్తే మాత్రం అది అడిగి ఊరుకునే విషయం కాదు, 10వ భాగం చూడండి.

8. బయానా నుంచి రిజిస్ట్రేషన్ దాకా

1. మాట కుదిరిన రోజు కాగితాల నకళ్ళు కొనేవాళ్ళకి ఇప్పించండి. వకీలు చూడకముందు పెద్ద మొత్తం బయానా వద్దనండి.
2. బయానా చెక్కు గానీ బ్యాంకు బదిలీ గానీ. స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకుంటే, తీసుకున్నవాళ్ళకి అంతే మొత్తం పెనాల్టీ పడొచ్చు. డబ్బు మీ చేతి మీదుగా అసలు వెళ్ళకూడదు.
3. అగ్రిమెంట్‌లో గడువు, మిగతా సొమ్ము, కొలతల్లో తేడా వస్తే ఏ లెక్కన తగ్గించాలో రాయించండి. ఈ చివరిదాన్ని చాలామంది మర్చిపోతారు.
4. సర్వేయరుతో కొలిపించండి. పక్క పొలాలవాళ్ళు ఉండగా కొలవడం మంచిది.
5. ఖర్చు ముందే చెప్పండి. అమ్మకం దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. ప్రభుత్వ విలువ, కొన్న ధర రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద. ఆ వారం అమల్లో ఉన్న రేటు లేఖరి దగ్గర ఒకసారి సరిచూసుకోండి.
6. 50 లక్షలు, అంతకు మించిన ఇల్లు, స్థలం అయితే కొనేవాళ్ళు అమ్మేవాళ్ళకిచ్చే సొమ్ములో 1 శాతం టీడీఎస్ (ఆదాయపు పన్ను) పట్టి కట్టాలి. పల్లెల్లో సాగుభూమికి ఇది లేదు. అమ్మేవాళ్ళు ఎన్‌ఆర్‌ఐ అయితే లెక్క పూర్తిగా వేరు, అది ఆడిటరు పని. అన్నట్టు, ఎన్‌ఆర్‌ఐ ఇక్కడ సాగుభూమి కొనడానికి వీల్లేదు. అమెరికా నుంచి ఫోన్ చేసి "కొబ్బరి తోట చూడండి" అనేవాళ్ళకి ఇది మొదటి కాల్‌లోనే చెప్పేయండి.
7. రిజిస్ట్రేషన్ ముందురోజు దస్తావేజు చిత్తు ఇద్దరికీ చదివి వినిపించండి. పేర్లు ఆధార్‌తో, హద్దులు నేలతో కలవాలి. వర్జ్యం, దుర్ముహూర్తం ఎప్పుడో కూడా అప్పుడే చూసుకోండి. నమ్మకం ఉన్నా లేకపోయినా పార్టీకి ఉంటుంది, స్లాటు చేతికొచ్చాక మంగళవారం అని గుర్తొస్తే రోజంతా టెన్షన్.

9. వదిలేసిన బేరాల పుస్తకం

ఒక్క ఈ పని చేసినా ఏడాది వృథా పోదు. మీ సీనియర్ కాదన్న ప్రతి బేరానికీ ఒక పేజీ పెట్టండి. ఆ పేజీలో నాలుగే ముక్కలు: ఆస్తి ఏమిటి, ఏది చూసి కాదన్నారు, ఆ విషయం ఎక్కడ బయటపడింది, తర్వాత ఆ ఆస్తి ఏమైంది.

నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: "70 సెంట్లు. రేటు బాగా తక్కువ. కాగితాలు సరిగానే ఉన్నాయి. కౌలు రైతు 'అమ్మగారి చిన్నకూతురికి ఇస్తానండి కౌలు' అన్నాడు. వదిలేశారు." కింద ఎనిమిది నెలల తర్వాత వేరే సిరాతో: "వేరేవాళ్ళు చేశారు. చిన్నకూతురు కోర్టుకెళ్ళింది."

నాలుగో ముక్క రాయడానికే ఓపిక కావాలి. ఆరు నెలలకోసారి ఆ ఊరి వైపు వెళ్ళినప్పుడు కనుక్కుని నింపండి. కొన్నిసార్లు సీనియర్ కాదన్న బేరం ఏ గొడవా లేకుండా అయిపోయి ఉంటుంది. అదీ రాయండి. ఆయన భయం ఎక్కడ ఎక్కువో కూడా తెలియాలి.

10. తరచు జరిగే తప్పులు, సర్దుబాట్లు

దారిని రోడ్డు అనేయడం. ఇది నా తప్పే. ఒక పార్టీకి "20 అడుగుల రోడ్డండి" అని చెప్పేశాను. గ్రావెల్ పోసి ఉంది, ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. తీరా బ్యాంకు లోనుకు వెళితే అది బోదె గట్టని, స్థలానికి దారి లేదని తిప్పి పంపారు. బయానా వెనక్కి ఇప్పించడానికి నలభై రోజులు తిరిగాం. *సర్దుబాటు:* స్కెచ్‌లో దారి చూపించనిదే "రోడ్డు" అనే మాట వాడకండి. "ఇప్పుడు ఇటు నుంచి వెళుతున్నారండి" అనండి.

ఒకే సైటుకి నలుగురు ఏజెంట్లు. పార్టీకి నలుగురు నాలుగు ధరలు చెబుతారు, యజమానికి మండుతుంది. *సర్దుబాటు:* యజమానిని కలిసి ధర, అమ్మే షరతులు ఆయన నోటితో విన్నాకే ఎవరికైనా చెప్పండి. ఎవరో పంపిన ఫోటోలు మీ స్టేటస్‌లో పెట్టకండి.

అనుమతి లేని లేఅవుట్. "పంచాయతీ అప్రూవల్ ఉంది" అంటే సరిపోదు. డీటీసీపీ (రాష్ట్ర పట్టణ ప్రణాళిక శాఖ) గానీ ఆ ప్రాంత పట్టణాభివృద్ధి సంస్థ గానీ ఇచ్చిన అనుమతి, రెరా నంబరు రెండూ చూడాలి. *సర్దుబాటు:* నంబరు మీరే సైటులో కొట్టి చూడండి, బ్రోచరు మీది నమ్మకండి.

పార్టీ వివరాలు రాసుకోకపోవడం. *సర్దుబాటు:* సైటు చూపించిన రోజే తేదీ, పార్టీ, సైటు పేరు సీనియర్‌కి మెసేజ్ పెట్టండి. 3వ భాగంలో నా కథ గుర్తుంది కదా.

సీనియర్ అబద్ధం చెప్పమంటే. కేసులో ఉన్న ఆస్తిని లేదని చెప్పమనడం, రెండో ధర చెప్పమనడం లాంటివి. *సర్దుబాటు:* "నాకు చేతకాదండి" అని ఆ బేరం నుంచి తప్పుకోండి. రెండోసారి అడిగితే ఆయన దగ్గర నుంచే తప్పుకోండి.

11. బయటికి వచ్చేటప్పుడు

ఏడాది, ఏడాదిన్నర అయ్యాక మూడు పనులు మీ అంతట మీరే చేయగలుగుతున్నారా చూసుకోండి: లింకు గొలుసు గీయడం, స్కెచ్ పట్టుకుని హద్దులు నడవడం, పార్టీకి చెడ్డ వార్త మొహం మీద చెప్పడం. మూడోది రానిదే బయటికి రాకండి.

మానేసే ముందు నడుస్తున్న బేరాల జాబితా రాసి ఆయనకు ఇవ్వండి: ఏది ఎక్కడ ఆగింది, ఎవరి కాగితాలు ఎవరి దగ్గరున్నాయి, నా వాటా ఏయే బేరాల్లో ఉంది. ఒరిజినల్ కాగితం ఒక్కటి కూడా మీ ఇంట్లో ఉండకూడదు. ఆయన పార్టీలకి ఫోన్ చేసి "నేను సొంతంగా పెట్టానండి" అని చెప్పుకోకండి. డెల్టాలో ఊరు చిన్నది, సాయంత్రానికి ఆయన చెవిన పడుతుంది.

సొంతంగా పట్టిన మొదటి రెండు మూడు బేరాల కాగితాలు మాత్రం ఆయనకు ఒకసారి చూపించండి. చూసిపెట్టినందుకు ఎంత తీసుకుంటారో కూడా ముందే అడిగేయండి.